అప్‌గ్రేడ్ తరువాత మందగించిన ఎయిర్‌ఫ్లో: ఎనిమిది రోజుల ప్రాజెక్టు డైరీ

ఆదివారం

నిన్న రాత్రి 10 గంటలకు మొదలుపెట్టిన అప్‌గ్రేడ్ ఈ ఉదయం 5:40కి ముగిసింది. తరువాత వెనక్కి తిరిగి చూసుకోవలసి వస్తే పనికి వస్తుందని, ఏది ఎక్కడి నుంచి ఎక్కడికి మారిందో ముందుగా రాసి పెట్టుకుంటున్నాను.

మాది మందుల పంపిణీ సంస్థ. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో కలిపి 31 డిపోలు ఉన్నాయి. రాత్రి 12:30కి మందుల దుకాణాల ఆర్డర్లు ముగిసిన తరువాత, 1 గంట నుంచి, పనులను వరుసక్రమంలో నడిపే ఎయిర్‌ఫ్లో అనే సాఫ్ట్‌వేర్ ప్రతి డిపోకూ ఒక పనుల గొలుసును నడుపుతుంది. నిల్వ సరిచూడడం, గడువు తేదీని బట్టి ఏ బ్యాచ్ ముందు బయటికి వెళ్లాలో తేల్చడం, బిల్లులు తయారు చేయడం, చివరికి రూట్ల వారీగా లోడింగ్ షీటు పంపడం వరకు ఒకదాని వెనుక ఒకటిగా 36 మెట్లు ఉంటాయి. ఇన్నాళ్లూ 4:30 కల్లా 31 షీట్లూ డిపోలకు చేరేవి. 5:30కి బండ్లు కదిలేవి.

పాత సర్వర్‌లో సెంటాస్ 7 ఆపరేటింగ్ సిస్టమ్, పోస్ట్‌గ్రెస్ 11 డేటాబేస్, ఎయిర్‌ఫ్లో 2.2 ఉండేవి, అన్నీ ఒకే యంత్రం మీద. సెంటాస్ 7కు 2024 జూన్ 30తోనూ, పోస్ట్‌గ్రెస్ 11కు 2023 నవంబరుతోనూ మద్దతు ముగిసిపోయింది కనుక ఈ మార్పును ఇంకా వాయిదా వేయడానికి వీలు లేకపోయింది. కొత్త అమరికలో రాకీ లైనక్స్ 9, పోస్ట్‌గ్రెస్ 15, ఎయిర్‌ఫ్లో 2.10 ఉన్నాయి, డేటాబేస్‌ను వేరే యంత్రానికి, వేరే డేటా సెంటర్‌కు తరలించాము. పాత డేటా ఫైళ్లను కొత్త యంత్రానికి కాపీ చేసి, అక్కడ పోస్ట్‌గ్రెస్ వెర్షన్‌ను మార్చే పీజీ అప్‌గ్రేడ్ నడిపి, తరువాత ఎయిర్‌ఫ్లో టేబుళ్లను కొత్త వెర్షన్‌కు మార్చే మైగ్రేషన్ చేశాము. ఎక్కడా ఒక్క ఎర్రర్ కూడా రాలేదు. ఆదివారం డిపోలకు సెలవు కాబట్టి అసలు పరీక్ష ఈ రాత్రికే.

సోమవారం

ఉదయం 5:25కి విజయవాడ డిపో ఇన్‌ఛార్జి గారి నుంచి ఫోను వచ్చింది.

“సార్, షీటు ఇంకా రాలేదండీ. నాలుగు బండ్లు నిలబడి ఉన్నాయి. కుర్రాళ్లు పెట్టెలు కట్టకుండా కూర్చున్నారు.”

“ఆగిపోలేదండీ, నడుస్తూనే ఉంది. ఎందుకో నెమ్మదించింది. ఎంతసేపట్లో వస్తుందో చూసి చెప్తాను.”

“ముందు నందిగామ రూటు షీటన్నా ఇప్పించండి సార్. అక్కడ ఆసుపత్రికి ఇన్సులిన్ వెళ్లాలి. ఐస్ పెట్టెలో ఎక్కువసేపు ఉంచలేం.”

చివరి షీటు 6:10కి వెళ్లింది. రావలసిన సమయానికంటే 1 గంట 40 నిమిషాలు ఆలస్యం. ఏ పనీ విఫలం కాలేదు, ఏ లెక్కా తప్పలేదు; ప్రతి మెట్టూ పచ్చ రంగులోనే ఉంది. అయితే రాత్రి 2 గంటలప్పుడు ఎయిర్‌ఫ్లో తెర పైభాగాన, ఏ పని ఎప్పుడు మొదలవాలో నిర్ణయించే షెడ్యూలర్ నడుస్తున్నట్టు కనిపించడం లేదన్న పసుపు పట్టీ చాలాసార్లు వచ్చి పోయిందని రాత్రి డ్యూటీలో ఉన్న మా సహోద్యోగి చెప్పారు. షెడ్యూలర్ నుంచి 30 సెకన్ల పాటు ఉనికి సంకేతం అందకపోతే ఆ పట్టీ వస్తుంది. షెడ్యూలర్ చచ్చిపోలేదు, తన ఒక్కొక్క చుట్టును ముగించడానికి అంత సమయం తీసుకుంటోందన్నమాట.

పది గంటలకు సమావేశం జరిగింది. పాత యంత్రానికి తిరిగి వెళ్లిపోదామని ఒకరు, పనులను నడిపే వర్కర్ ప్రోగ్రాముల సంఖ్య రెట్టింపు చేద్దామని ఒకరు, డేటాబేస్ యంత్రానికి మెమరీ పెంచుదామని ఒకరు అన్నారు. ఆలస్యం గొలుసులో ఏ చోట పుడుతోందో తెలియకుండా ఏదీ మార్చవద్దని నేను పట్టుబట్టాను. రెండు మూడు మార్పులు ఒకేసారి చేస్తే, బాగుపడినా దేనివల్ల బాగుపడిందో తెలియదు. మళ్లీ చెడినప్పుడు ఎక్కడ వెతకాలో అంతకన్నా తెలియదు.

ఎయిర్‌ఫ్లో డేటాబేస్‌లోని టాస్క్ ఇన్‌స్టెన్స్ టేబుల్‌లో ప్రతి పనికీ మూడు సమయాలు ఉంటాయి: క్యూలో చేరిన సమయం, మొదలైన సమయం, ముగిసిన సమయం. ముందు మెట్టు ముగిసిన క్షణం నుంచి తరువాతి మెట్టు క్యూలో చేరే దాకా గడిచింది షెడ్యూలర్ ఖాతాలోకి వస్తుంది. క్యూ నుంచి మొదలయ్యే దాకా గడిచింది వర్కర్ల ఖాతాలోకి, మొదలై ముగిసే దాకా గడిచింది ఆ పని ఖాతాలోకి వస్తాయి. విజయవాడ గొలుసును ఈ మూడు ముక్కలుగా కోసి, పాత గురువారంతో పోల్చాను.

పని జరిగిన సమయంలో తేడా లేదు. క్యూ నుంచి మొదలవడానికి పాత రోజుల్లో దాదాపు 5 సెకన్లు పట్టేది, నిన్న 24 సెకన్లు పట్టింది. ముందు మెట్టు ముగిశాక క్యూలో చేరడానికి 4 సెకన్లు పట్టేది, నిన్న సగటున రెండున్నర నిమిషాలు పట్టింది. 36 మెట్లకు ఈ అదనపు సెకన్లను హెచ్చవేస్తే 99 నిమిషాలు వచ్చింది. పొద్దున జరిగిన ఆలస్యం లెక్కకు సరిపోయింది. మెమరీ మాట, వర్కర్ల మాట అక్కడితో పక్కకు తప్పుకున్నాయి.

రెండున్నర నిమిషాల ముందు 24 సెకన్లు చిన్నవిగా కనిపించాయి కాబట్టి వాటిని నోట్‌బుక్‌లో రాసి వదిలేశాను.

ఈ రాత్రికి తాత్కాలికంగా, దూరపు రూట్లు ఉన్న శ్రీకాకుళం, ఆదిలాబాద్, అనంతపురం, విజయవాడ డిపోలకు మాత్రం షీట్లను ఎయిర్‌ఫ్లోతో సంబంధం లేకుండా ఒక చిన్న స్క్రిప్టుతో మేమే నడుపుతాము. మిగతా డిపోలకు ఆలస్యం గురించి ముందే చెప్పాము.

మంగళవారం

ఒక పొరపాటు ప్రయత్నాన్ని ఇక్కడ రాయాలి, ఇదే దారిలో వెళ్లేవారికి సమయం కలిసివస్తుంది. ఎయిర్‌ఫ్లో 2.0 నుంచి ఒకటికి మించి షెడ్యూలర్లను పక్కపక్కన నడపవచ్చు. షెడ్యూలరే మందగించిందని తేలింది కనుక రెండవదాన్ని కూడా లేపితే భారం పంచుకుంటుందని అనుకుని, నిన్న రాత్రి 12 గంటలకు దాన్ని మొదలుపెట్టాము. ఎంతమాత్రం లాభం లేకపోయింది. పనులను క్యూలోకి పంపే ఘట్టంలో షెడ్యూలర్, ఒకేసారి ఎన్ని పనులు నడవవచ్చో చెప్పే పూల్ టేబుల్‌కు తాళం వేస్తుంది; ఆ తాళం ఒకరి చేతిలో ఉన్నంతసేపూ రెండవ షెడ్యూలర్ ఆ ఘట్టాన్ని వదిలి ముందుకు పోవలసిందే. ఆలస్యం ఆ తాళం లోపలే జరుగుతున్నప్పుడు బయట ఎంతమంది నిలబడినా ఫలితం ఉండదు. 2:15కి రెండవదాన్ని ఆపేశాము.

ఈ రాత్రి మా డేటాబేస్ చూసే మేడమ్, నేను ఇద్దరమూ 1 గంట నుంచి తెర ముందు కూర్చున్నాము. ఆవిడ ప్రతి ఐదు సెకన్లకూ డేటాబేస్‌లో ఆ క్షణాన ఏం నడుస్తోందో చూపే పీజీ స్టాట్ యాక్టివిటీని చూస్తూ ఉన్నారు. ఒకే క్వెరీ (డేటాబేస్‌ను అడిగే ప్రశ్న) పదేపదే అక్కడే కనిపించింది: షెడ్యూల్డ్ స్థితిలో ఉన్న పనులను, నడుస్తున్న గొలుసులతో జతపరచి, ప్రాధాన్యం వరుసలో తెచ్చే క్వెరీ. ఆవిడ దాన్ని కాపీ చేసి, తాళం వేసే భాగాన్ని తీసేసి, క్వెరీ ఏ దారిలో, ఎంతసేపు నడిచిందో చూపే ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్ పెట్టి నడిపారు. 41 సెకన్లు. వచ్చింది 27 రికార్డులు.

“అంచనా చూడండి,” అన్నారు మేడమ్. పోస్ట్‌గ్రెస్ అక్కడ వేల రికార్డులు వస్తాయని అనుకుంది. ఆ అంచనాను నమ్ముకుని, మొదట వడకట్టవలసిన టేబుల్‌ను చివర వడకట్టే దారిని ఎంచుకుంది. కింద జిట్ అన్న భాగం కూడా ఉంది. పెద్ద క్వెరీలను వేగవంతం చేయడానికి వాటిని అప్పటికప్పుడు యంత్ర భాషలోకి మార్చే సదుపాయం అది. పోస్ట్‌గ్రెస్ 11లో దానంతట అది పనిచేసేది కాదు, 12 నుంచి డిఫాల్ట్‌గా పనిచేస్తుంది. క్వెరీ ఖర్చు అంచనా ఒక హద్దు దాటితే అది రంగంలోకి దిగుతుంది. తప్పుడు అంచనా వల్ల ఈ క్వెరీ పెద్దదిగా కనిపించి, ప్రతిసారీ ఒకటిన్నర సెకను దానికే పోతోంది.

అంచనా అంత తప్పడానికి కారణం వెతకడానికి ఒక్కొక్క టేబుల్ వివరాలు చూపే పీజీ స్టాట్ యూజర్ టేబుల్స్ తెరిచాము. టాస్క్ ఇన్‌స్టెన్స్ వరుసలో చివరిసారి అనలైజ్ (టేబుల్ గణాంకాల సేకరణ) జరిగిన సమయం: ఖాళీ. ఆటో అనలైజ్ జరిగిన సమయం: ఖాళీ. డ్యాగ్ రన్ (గొలుసుల పరుగుల టేబుల్): ఖాళీ. లాగ్: ఖాళీ. కిందికి వెళ్లే కొద్దీ అన్నీ ఖాళీలే. మేడమ్ కుర్చీ వెనక్కి జరిపి, ఒక నిమిషం ఏమీ మాట్లాడలేదు.

పోస్ట్‌గ్రెస్ ప్రతి టేబుల్ గురించీ కొంత జ్ఞాపకం ఉంచుకుంటుంది: ఏ కాలమ్‌లో ఎన్ని రకాల విలువలున్నాయి, ఏది ఎంత తరచుగా వస్తుంది అని. ఏ దారిలో వెతకాలో ఆ జ్ఞాపకాన్ని బట్టే నిర్ణయిస్తుంది. పీజీ అప్‌గ్రేడ్ 15వ వెర్షన్‌కు డేటాను చేరుస్తుంది గాని ఆ గణాంకాలను చేర్చదు. ముగింపులో అనలైజ్ చేసుకోమని గుర్తు కూడా చేస్తుంది. గణాంకాలు లేని కాలమ్‌లో దాదాపు 200 రకాల విలువలు ఉంటాయని పోస్ట్‌గ్రెస్ అనుకుంటుంది. అంటే పనుల స్థితి చెప్పే కాలమ్‌లో సక్సెస్ అయినా షెడ్యూల్డ్ అయినా ఒక్కొక్కటీ టేబుల్‌లో అర శాతం అన్నమాట. మా టేబుల్‌లో ఉన్న 40 లక్షల రికార్డుల్లో దాదాపు అన్నీ సక్సెసే. షెడ్యూల్డ్ స్థితిలో ఏ క్షణాన చూసినా పదుల్లోనే ఉంటాయి. ఆ సంగతి పాత డేటాబేస్‌కు తెలుసు, కొత్తదానికి తెలియదు.

గుర్తు చేసినప్పుడు మేమెందుకు చేయలేదంటే, రద్దీగా ఉండే టేబుళ్లను, పోస్ట్‌గ్రెస్ వెనుక నడిచే ఆటోవాక్యూమ్ అనే ప్రక్రియ తనంతట తానే ఒకటి రెండు నిమిషాల్లో అనలైజ్ చేస్తుందన్న నమ్మకంతో. మామూలుగా ఆ నమ్మకం తప్పు కాదు. కాని ఫైళ్ల కాపీ, మైగ్రేషన్ జరుగుతున్నప్పుడు మధ్యలో అడ్డు రాకూడదని సెట్టింగుల ఫైలులో ఆటోవాక్యూమ్‌ను ఆపి ఉంచాము. ఆ సెట్టింగు అలాగే ఉండిపోయింది. ఆ ఫైలును చివరిసారి సరిచూసిన చేతులు నావే. మేడమ్‌కు అప్పుడే చెప్పాను.

బుధవారం

ఉదయం షీట్లు వెళ్లిపోయాక, 11 గంటలకు పోస్ట్‌గ్రెస్ కమాండ్ అయిన వాక్యూమ్ డీబీని అంచెలంచెలుగా అనలైజ్ చేసే పద్ధతిలో నడిపాము. ఈ పద్ధతి మొదటి విడతలో అతి ముతకగా, రెండవ విడతలో కొంత మెరుగ్గా, మూడవ విడతలో పూర్తి స్థాయిలో గణాంకాలు సేకరిస్తుంది. ముతక గణాంకాలు వచ్చిన క్షణం నుంచే క్వెరీలు తేరుకుంటాయి. మొత్తం 9 నిమిషాలు పట్టింది. అదే క్వెరీని అదే తెర మీద మళ్లీ నడిపితే 30 మిల్లీసెకన్లు. జిట్ అన్న భాగమే కనిపించలేదు.

జిట్‌ను పూర్తిగా ఆపేద్దామని ఒక ప్రతిపాదన వచ్చింది. నేను ఒప్పుకోలేదు. అంచనా సరిపడగానే అది తనంతట తప్పుకుంది. నెలవారీ నివేదికల పెద్ద క్వెరీలకు దానివల్ల మేలు ఉందో లేదో కొలవకుండా ఆపడానికి కారణం లేదు.

ఆటోవాక్యూమ్‌ను తిరిగి ఆన్ చేసి, అది నిజంగా నడుస్తోందని లాగ్‌లో చూసుకున్నాకే లేచాము.

గురువారం

నిన్న రాత్రి చివరి షీటు 4:41కి వెళ్లింది. డిపోల నుంచి ఫోన్లు రాలేదు. ఆఫీసులో కొందరు ఇక ఈ సంగతి ముగిసిందన్నారు. కాని 4:41 అంటే 4:30 కాదు. పదకొండు నిమిషాలు ఎక్కడికి పోయాయో తెలియకుండా ఈ డైరీని మూయలేను. పైగా రాత్రి 3:20 ప్రాంతంలో 31 డిపోల గొలుసులన్నిటి మీదా ఎయిర్‌ఫ్లో తెర మీద ఇంపోర్ట్ ఎర్రర్ (గొలుసు ఫైలును చదవలేకపోయానన్న సందేశం) వచ్చి, కొన్ని నిమిషాల తరువాత తనంతట పోయింది.

మూడు ముక్కల కొలత మళ్లీ తీశాను. షెడ్యూలర్ ముక్క పాత రోజుల్లోలాగే 4 సెకన్లకు వచ్చేసింది. క్యూ నుంచి మొదలయ్యే ముక్క మాత్రం 24 సెకన్ల దగ్గరే ఉంది. సోమవారం రాసి వదిలేసినది ఇదే. 5 సెకన్లకు పైన ఉన్న 19 సెకన్లను 36తో హెచ్చిస్తే పదకొండు నిమిషాలు.

వర్కర్ ఒక పనిని చేతిలోకి తీసుకున్నాక ఏం చేస్తుంది? ఆ గొలుసును వర్ణించే పైథాన్ ఫైలును మొదటి నుంచి చివరి దాకా చదువుతుంది. ఆ ఫైలులో ఫంక్షన్ల బయట రాసిన ప్రతి వాక్యమూ అప్పుడు నడుస్తుంది. అదే ఫైలును గొలుసుల్లో మార్పులేమైనా ఉన్నాయేమోనని షెడ్యూలర్ పక్కన నడిచే ఫైల్ ప్రాసెసర్ అనే ప్రోగ్రాము కూడా పదేపదే చదువుతూ ఉంటుంది. డిఫాల్ట్ ప్రకారం ఒక ఫైలును ఒకసారి చదివాక కనీసం 30 సెకన్లు ఆగి మళ్లీ చదువుతుంది. కనుక ఫైలు చదవడానికి పట్టే సమయం ఎక్కువైతే రెండు చోట్లా దెబ్బ తగులుతుంది.

ఎయిర్‌ఫ్లోలో డ్యాగ్స్ రిపోర్ట్ అనే కమాండ్ ఉంది. ఏ ఫైలును చదవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో అది చెబుతుంది. మావి 146 ఫైళ్లు. ఎక్కువ భాగం అర సెకను లోపే. డిపోల గొలుసులను తయారుచేసే ఒక్క ఫైలుకు మాత్రం 20 సెకన్లు.

ఆ ఫైలు మూడేళ్ల కిందటిది. పైనే సంస్థ లావాదేవీలు ఉండే ఈఆర్పీ డేటాబేస్‌కు కనెక్షన్ తెరిచి డిపోల జాబితా తెస్తుంది. తరువాత ప్రతి డిపోకూ రూట్ల సంఖ్య, ప్రింటర్ చిరునామా, ఆర్డర్ల గడువు వంటి 14 వేరియబుల్స్‌ను ఒక్కొక్కటిగా ఎయిర్‌ఫ్లో డేటాబేస్ నుంచి అడుగుతుంది. 31 డిపోలు, 14 వేరియబుల్స్: ఫైలును ఒక్కసారి చదివితే 434 ప్రశ్నలు. మా అమరికలో కనెక్షన్ల పూల్‌ను (తెరిచిన కనెక్షన్లనే మళ్లీ వాడుకునే ఏర్పాటును) ఎప్పుడో ఆపి ఉంచారు కనుక ప్రతి ప్రశ్నకూ కొత్త కనెక్షన్ తెరుచుకుంటుంది. డేటాబేస్ అదే యంత్రంలో ఉన్నన్నాళ్లూ ఆ ఖర్చు ఎవరికీ తెలియలేదు. ఇప్పుడు వేరే డేటా సెంటర్‌లో ఉంది. వెళ్లి రావడానికి 3 మిల్లీసెకన్లు. అది చిన్న దూరమే. కాని ఒక కొత్త కనెక్షన్ అంటే ఒక్క రాకపోక కాదు: తలుపు తట్టడం, ఎన్‌క్రిప్షన్ కుదుర్చుకోవడం, పాస్‌వర్డ్ నిరూపించుకోవడం, ఆ తరువాతే ప్రశ్న. అన్నీ కలిసి దాదాపు 35 మిల్లీసెకన్లు. 434 సార్లకు 15 సెకన్లు. ఈఆర్పీ నుంచి జాబితా తేవడానికి మరో 5. యంత్రం రద్దీగా ఉన్నప్పుడు ఇది 30 సెకన్లు దాటితే, ఫైలు చదవడానికి ఎయిర్‌ఫ్లో ఇచ్చే డిఫాల్ట్ గడువు అయిపోయి ఇంపోర్ట్ ఎర్రర్ వస్తుంది. రాత్రి 3:20కి జరిగింది అదే.

మధ్యాహ్నం ఆ ఫైలును తిరగరాశాను. డిపోల జాబితాను రోజుకు ఒకసారి, 12:35కి, ఒక విడి పని ఈఆర్పీ నుంచి తెచ్చి జేసన్ అనే టెక్స్ట్ రూపంలో ఫైలుగా రాస్తుంది. గొలుసుల ఫైలు ఆ జేసన్‌ను మాత్రమే చదువుతుంది. ఒక్కొక్క మెట్టుకు కావలసిన వేరియబుల్స్‌ను ఫైలు చదివేటప్పుడు కాక, పని నడిచేటప్పుడే, విలువలను అప్పటికప్పుడు నింపుకునే జింజా టెంప్లేట్ ద్వారా అడిగేలా మార్చాను. డిపోకు 14 విడి వేరియబుల్స్‌కు బదులు ఒకే జేసన్ వేరియబుల్ పెట్టాము. ఈ మార్పుతో ఫైలు చదవడం 0.4 సెకన్లకు వచ్చింది.

జాబితా తెచ్చే పని ఏ రాత్రైనా విఫలమైతే నిన్నటి జేసన్‌తోనే గొలుసులు నడవాలని, కొత్త ఫైలు పూర్తిగా రాశాకే పాతదాని స్థానంలోకి మార్చాలని నిర్ణయించాము. సగం రాసిన జాబితాతో సగం డిపోలు మాయమవడం ఆలస్యం కన్నా పెద్ద నష్టం.

శుక్రవారం

చివరి షీటు 4:29.

ఈ రోజు చేసిన పని వేగానికి సంబంధించినది కాదు. కాని ఈ వారంలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదేనని నా అభిప్రాయం.

నిన్న సాయంత్రం వరంగల్ డిపో గొలుసుకు చెందిన ఒక పాత పరుగును దాని ఐడీతో వెతికితే దొరకలేదని మా సహోద్యోగి చెప్పారు. జాబితాలో కళ్లముందు కనిపిస్తోంది, వెతికితే లేదంటోంది. ఆలస్యాల హడావుడిలో ఉన్నందున నేను దాన్ని తెర లోపం అనుకున్నాను. మేడమ్ మాత్రం వెంటనే ఆగి, “పాత మెషీన్‌లో జీలిబ్‌సీ ఏ వెర్షన్ అండీ?” అని అడిగారు.

జీలిబ్‌సీ అంటే లైనక్స్‌లోని మూల లైబ్రరీ; అక్షరాల వరుస క్రమం కూడా అదే చెబుతుంది. సెంటాస్ 7లో 2.17. రాకీ లైనక్స్ 9లో 2.34. అక్షరాలను ఏ క్రమంలో పేర్చాలన్న నియమాలు 2018లో వచ్చిన జీలిబ్‌సీ 2.28లో పెద్ద ఎత్తున మారాయి. పోస్ట్‌గ్రెస్ టెక్స్ట్ కాలమ్‌ల ఇండెక్స్‌లను (త్వరగా వెతకడానికి పేర్చుకునే జాబితాలను) ఆపరేటింగ్ సిస్టమ్ చెప్పిన క్రమంలోనే పేరుస్తుంది. మేము పాత యంత్రం క్రమంలో పేర్చిన ఇండెక్స్ ఫైళ్లను ఉన్నవి ఉన్నట్టు కొత్త యంత్రానికి తెచ్చాము. అకారాది క్రమంలో పేర్చిన నిఘంటువును, వర్ణక్రమం వేరుగా నేర్చుకున్న మనిషి చేతిలో పెట్టినట్టయింది: మాట పుస్తకంలోనే ఉంటుంది, ఆ మనిషి తెరిచే పుటలో మాత్రం ఉండదు.

మేడమ్ రెండు యంత్రాల మీదా ఒక చిన్న పరీక్ష చేసి చూపించారు. రెండే వరుసలు: ఒకటి 1-1, రెండవది 11. అమెరికన్ ఇంగ్లిష్ లొకేల్‌లో సార్ట్ కమాండ్‌కు ఇస్తే పాత యంత్రం 11ను ముందు, 1-1ను తరువాత పెట్టింది. కొత్త యంత్రం 1-1ను ముందు పెట్టింది. తేడా అంతా ఆ చిన్న గీత దగ్గరే. ఎయిర్‌ఫ్లో పరుగుల ఐడీలు తేదీలతో, గీతలతో, ప్లస్ గుర్తులతో నిండి ఉంటాయి.

పోస్ట్‌గ్రెస్ హెచ్చరించలేదు. ఎందుకంటే కొత్త క్లస్టర్‌ను (డేటాబేస్ నిల్వను) కొత్త యంత్రం మీదే సృష్టించాము కనుక అది కొత్త జీలిబ్‌సీ వెర్షన్‌నే తన దగ్గర నమోదు చేసుకుంది. దాని దృష్టిలో ఏదీ మారలేదు.

14వ వెర్షన్ నుంచి పోస్ట్‌గ్రెస్‌తో పాటు వచ్చే, ఇండెక్స్‌లను సరిచూసే పీజీ ఆమ్‌చెక్‌ను నడిపాము. టెక్స్ట్ ఉన్న ఇండెక్స్‌లలో ఆరింటి మీద వరుస క్రమం తప్పిందన్న ఎర్రర్ వచ్చింది. నాకు భయం వేసింది దొరకని రికార్డుల గురించి కాదు, ఒకే విలువను రెండుసార్లు రానివ్వని యూనిక్ ఇండెక్స్‌ల గురించి. ఉన్న రికార్డు లేనట్టు కనిపిస్తే అదే రికార్డు రెండవసారి కూడా చేరిపోతుంది. లోడింగ్ షీటు పరుగు ఒకే రాత్రి రెండుసార్లు నమోదైతే, ఒకే సరుకు రెండుసార్లు బండికెక్కుతుంది.

మధ్యాహ్నం 2 గంటలకు షెడ్యూలర్‌ను, వర్కర్లను ఆపాము. పూర్తి బ్యాకప్ తీసుకున్నాము. తరువాత డేటాబేస్ మొత్తానికీ, ఇండెక్స్‌లను మళ్లీ కట్టే రీఇండెక్స్ ఇచ్చాము. ఒకచోట అది ఆగిపోయింది: యూనిక్ ఇండెక్స్ కట్టడం సాధ్యం కాదని, ఒకే విలువ రెండుసార్లు ఉందని. అది పాత పరీక్ష గొలుసు ఒకటి. మంగళవారం ఎవరో చేత్తో నడిపినప్పుడు రెండవ రికార్డు చేరింది. డిపోల గొలుసుల్లో అలాంటివి ఒక్కటీ లేవని టేబుళ్లను ఇండెక్స్ లేకుండా చదివి నిర్ధారించుకున్నాకే, ఆ అదనపు రికార్డును తొలగించి రీఇండెక్స్ పూర్తిచేశాము. మొత్తం 50 నిమిషాలు. పీజీ ఆమ్‌చెక్‌ను మళ్లీ నడిపితే ఒక్క మాట కూడా రాలేదు. వరంగల్ పరుగు వెతకగానే దొరికింది.

మేడమ్ ఆ ప్రశ్న అడగకపోతే మేము వేగం కుదిరిందన్న తృప్తితో వారాల తరబడి క్రమం తప్పిన ఇండెక్స్‌ల మీద మందుల లెక్కలు నడిపేవాళ్లం. అప్‌గ్రేడ్ కాగితంలో ఇప్పుడు అనలైజ్, ఆటోవాక్యూమ్ సరిచూడడం, రెండు యంత్రాల జీలిబ్‌సీ వెర్షన్లు, రీఇండెక్స్ చేర్చాము. ఆపరేటింగ్ సిస్టమ్ కూడా మారుతుంటే డేటా ఫైళ్లను కాపీ చేయకుండా, డంప్ (డేటా నకలు) తీసి కొత్తచోట తిరిగి ఎక్కించాలని, లేదా మార్పులను రికార్డుల వారీగా పంపే లాజికల్ రెప్లికేషన్‌తో తరలించాలని కూడా రాశాము. ఆ రెండు పద్ధతుల్లోనూ ఇండెక్స్‌లు కొత్త యంత్రం మీద కొత్తగానే కట్టబడతాయి.

శనివారం

40 లక్షల టాస్క్ ఇన్‌స్టెన్స్ రికార్డులు, లాగ్ టేబుల్‌లో 1 కోటి 30 లక్షలు. అన్ని మాకు అవసరం లేదు. ఎయిర్‌ఫ్లో 2.3 నుంచి డీబీ క్లీన్ అనే కమాండ్ ఉంది. ఇచ్చిన తేదీకి ముందున్న రికార్డులను తీసేస్తుంది. ముందు ఉత్తుత్తి పరుగు చేసి ఏ టేబుల్ నుంచి ఎన్ని పోతాయో చూసుకుని, ఆడిట్ విభాగంతో మాట్లాడి, 13 నెలల కంటే పాతవాటిని తీసేశాము. వేరుగా చెప్పకపోతే ఈ కమాండ్ తీసేసిన రికార్డులను ఆర్కైవ్ టేబుళ్లలో దాచి ఉంచుతుంది. కాబట్టి అది అయిపోగానే డిస్క్ ఖాళీ కాలేదేమని కంగారు పడనక్కరలేదు. ఆర్కైవ్ టేబుళ్లను ఫైళ్లుగా బయటికి తీసి భద్రపరిచాకే తొలగిస్తాము.

సోమవారం

నిన్న రాత్రి గొలుసును మళ్లీ మూడు ముక్కలుగా కొలిచాను. షెడ్యూలర్ ముక్క 3 సెకన్లు, వర్కర్ ముక్క 4 సెకన్లు, పని సమయం ఎప్పటిలాగే. చివరి షీటు 4:27. పసుపు పట్టీ రాత్రంతా ఒక్కసారి కూడా రాలేదు.

5:10కి విజయవాడ ఇన్‌ఛార్జి గారికి నేనే ఫోను చేశాను. నందిగామ బండి ఇంకో పది నిమిషాల్లో బయలుదేరుతుందని, ఇన్సులిన్ పెట్టె డ్రైవరు పక్కనే ఉందని చెప్పారు. ఫోను పెట్టేయబోతుంటే, గుంటూరు రూటు షీటులో దుకాణాల వరుస కొంచెం మారితే వాళ్లకు దింపుకోవడం తేలికవుతుందని అడిగారు. ఆ వరుసను నిర్ణయించే ఫైలు, డ్యాగ్స్ రిపోర్ట్‌లో సెకనుకు పైగా తీసుకుంటున్న మిగతా 11 ఫైళ్లలో ఒకటి. రేపు దానితోనే మొదలుపెడతాను.